మోరీ, రోడ్డు, పార్కు జాగ: వరంగల్ శివారులో లోకల్ అభ్యర్థులను పోల్చి చూసే పద్ధతి

హసన్‌పర్తి, భీమారం, చింతగట్టు, పైడిపల్లి, ఏనుమాముల, గొర్రెకుంట, మామునూరు, మడికొండ, కడిపికొండ, రాంపూర్. ఒకప్పుడు ఇవన్నీ పంచాయతీలు. చుట్టూ ఉన్న 42 గ్రామాలను నగరంలో కలిపాక ఇప్పుడు గ్రేటర్ వరంగల్ డివిజన్లలో ఉన్నాయి. 2016లో 58 డివిజన్లకు ఎన్నిక జరిగితే, 2021 ఏప్రిల్ 30న 66 డివిజన్లకు జరిగింది. అదే రోడ్డు పట్టుకుని ఇంకాస్త దూరం పోతే మళ్లీ సర్పంచి, వార్డు మెంబర్లే. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట వైపు అయితే మున్సిపల్ కౌన్సిలర్లు. మూడు కుర్చీలకూ అధికారం వేరు, దానికి పనికొచ్చే మనిషీ వేరు. అందుకే అభ్యర్థుల సంగతికి వచ్చేముందు, మీ ఓటు ఏ కుర్చీకి పోతోందో తేల్చుకోండి. ఇక్కడ ముఖ్యంగా చెప్పేది శివారులో ఎదురయ్యే సర్పంచి, కార్పొరేటర్ కుర్చీల గురించి.

కుర్చీని బట్టి మనిషి

సర్పంచిని జనం నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తు ఉండదు. పంచాయతీ ఖాతా, ట్రాక్టరు, పారిశుద్ధ్య కార్మికులు, వీధి దీపాలు, నీళ్ల ట్యాంకు: వీటి మీద రోజువారీ పెత్తనం ఆయనదే లేదా ఆమెదే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ పెట్టాలి. సర్పంచి కుర్చీకి కావాల్సింది డబ్బు లెక్క తెలిసి, పొద్దున్నే ఆరింటికి చెత్త ట్రాక్టరు బయల్దేరిందా లేదా చూసే మనిషి.

కార్పొరేటర్ చేతిలో చెక్కు ఉండదు. 66 మందిలో ఒకరు. తన డివిజన్‌లో మోరీ కావాలంటే ఏఈతో (అసిస్టెంట్ ఇంజినీర్‌తో) ఎస్టిమేట్ వేయించాలి, దాన్ని కౌన్సిల్ ఎజెండాలో పెట్టించాలి, టెండరు దాకా ఫైలు వెంట నడవాలి. మేయర్‌ను ఎన్నుకునేదీ కార్పొరేటర్లే, పదవి రీత్యా ఓటుండే ఎక్స్అఫిషియో సభ్యులతో కలిసి. సగటున ఒక్కో డివిజన్‌లో పది వేల దాకా ఓటర్లు ఉంటారు. ఇక్కడ కావాల్సింది ఇంజినీర్‌నూ టౌన్ ప్లానింగ్ అధికారినీ కాగితం మీద నిలదీయగల మనిషి. ఊళ్లో మంచి సర్పంచి అనిపించుకున్నవాళ్లే విలీనం తర్వాత కార్పొరేటర్‌గా తేలిపోవడానికి కారణం ఇదే. సొంత చేతులతో పని చేయించే అలవాటు ఉంటుంది కానీ ఫైలు వెంట తిరిగే అలవాటు ఉండదు.

ఈ రెండు కుర్చీల్లో ఎవరికీ లేని అధికారాలు కూడా ఉన్నాయి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా. భూమి పట్టా పని తహసీల్దారుది. 75 గజాల లోపు జాగలో జీ ప్లస్ వన్ కట్టుకుంటే ఇళ్ల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం అసలు అనుమతే అక్కర్లేదంది, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంచేత "గెలిపిస్తే మీ అందరికీ పర్మిషన్లు ఇప్పిస్తా" అనే అభ్యర్థి, ఎవరూ ఇప్పించనక్కర్లేని పనికి ఇప్పటి నుంచే రేటు కడుతున్నాడని అర్థం. అలాంటి మాట విన్నప్పుడు ఆ పేరు పక్కన ఒక మైనస్ వేసుకోండి.

ముందు డబ్బు లెక్క

సర్పంచికి గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. ఐదేళ్లకు మొత్తం 3 లక్షల 90 వేలు. జనాభా 5 వేలు దాటిన పంచాయతీలో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర. వార్డు మెంబరుకు 50 వేలు, 30 వేలు. ఇప్పుడు శివారు పంచాయతీలో ఓటుకు రెండు వేల చొప్పున 3 వేల మందికి పంచాడనుకోండి, 60 లక్షలు. ఈ 60 లక్షలకూ ఆ 3 లక్షల 90 వేలకూ మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి తిరిగి రావాలో ఆలోచించండి. రావడానికి శివారులో రెండే దారులు: పనుల బిల్లులు, వెంచర్లు. ఏ నేపథ్యం ఉన్న అభ్యర్థినైనా ముందు ఈ జల్లెడలో వేయాలి. పదవిని వేలం పాడి గుడికో బడికో లక్షలు ఇస్తామని ఏకగ్రీవం చేసుకునే పద్ధతికీ ఇదే లెక్క వర్తిస్తుంది. అది చట్టవిరుద్ధం కూడా.

నేపథ్యాలు, ఒక్కొక్కటిగా

శివారులో ఎక్కువగా నిలబడేది రియల్ ఎస్టేట్ చేసినవాళ్లు. ఈ నేపథ్యాన్ని చూడగానే కొట్టిపారేయడం పొరపాటు. సర్వే నంబరు పటం చదవడం, కుడా మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు ఎటు పోతుందో చెప్పడం, ఏ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో పసిగట్టడం వీళ్లకు వచ్చినంతగా వేరేవాళ్లకు రాదు. చిక్కంతా ప్రయోజనం దగ్గర వస్తుంది. మొదటి సీసీ రోడ్డు ఏ వీధికి పడాలన్న నిర్ణయమే పక్క ప్లాట్ల ధర మారుస్తుంది. మనుషులున్న గల్లీలో బురద అలాగే ఉండి, ఇంకా కంపచెట్లున్న వెంచర్‌కు వీధి దీపాలు పడ్డాయంటే ఎందుకో వేరే చెప్పాలా?

రియల్ నేపథ్యాన్ని కొలిచే పద్ధతి తేలిక. ఆయన, ఆయన కుటుంబం, భాగస్వాములు వేసిన వెంచర్లలో అన్నిటికంటే పాతదానికి వెళ్లండి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. దాన్నీ రోడ్లనూ గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకో కార్పొరేషన్‌కో అప్పగించాలి. పనులన్నీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. ఇక అక్కడ నిలబడి చూడండి. పార్కు జాగ పార్కుగానే ఉందా, లేక అందులో ఇళ్లు లేచాయా? మోరీ చివర నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, పక్క పొలంలోకా? తనఖా ప్లాట్లు విడుదలయ్యాయా? పార్కు సర్వే నంబరు మీద ఈసీ (ఆ జాగ మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే గిఫ్ట్ డీడ్ నమోదైందో లేదో కనబడుతుంది. అనుమతి లేని వెంచర్ అయితే, 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే ఆ ఏటి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) వర్తించింది. ఆ భారం కొన్నవాళ్ల మీద వేసి పోయిన మనిషి రేపు డివిజన్ బాధ్యత మోస్తాడని నమ్మలేం. పాత వెంచర్ శుభ్రంగా ఉంటే మాత్రం ఈ అభ్యర్థికి మిగతావాళ్లకంటే ఎక్కువ మార్కులు వేయొచ్చు. మా అభిప్రాయం ఇది: వెంచర్ చూడకుండా ఓటు వేయకండి, చూశాక భయపడకండి.

కాంట్రాక్టర్ నేపథ్యం దీనికంటే ప్రమాదం. కార్పొరేషన్‌తోనో పంచాయతీతోనో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నవాళ్లు పోటీకి అనర్హులు. అందుకే నామినేషన్‌కు ముందు లైసెన్సు బావమరిది పేరుకో, పాత గుమస్తా పేరుకో మారుతుంది. ఒకే పనిని చిన్న చిన్న ముక్కలు చేసి టెండరు లేకుండా కావాల్సినవాళ్లకే నేరుగా ఇచ్చుకునే అలవాటు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ నేపథ్యంలో మంచి లేకపోలేదు. ఎస్టిమేట్‌లో ఎక్కడ గాలి కొట్టారో ఒక్క చూపులో చెప్పగలడు. ఆ చూపు మనవైపు ఉంటుందా లేదా అన్నదే ప్రశ్న.

తేల్చుకోవడానికి ఆయన వేసిన రోడ్డు మీద నడవండి. నల్లా పైపు, తర్వాత మోరీ, ఆ తర్వాత రోడ్డు: ఇదీ వరుస. వరుస తప్పితే కొత్త రోడ్డును నెల తిరక్కుండానే పైపు కోసం కోస్తారు. ఆ కోత మీద పోసిన అతుకు మొదటి వానకే కుంగుతుంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తే గల్లీ అయిదారు అంగుళాలు లేస్తుంది, వాన నీళ్లు గడప దాటి వస్తాయి. నీళ్లు సరిగా కట్టకుండా ఆరనిచ్చిన సీసీ మీద వేలితో రుద్దితే పిండిలా రాలుతుంది. ఎంత మందం పోశారన్నది ఎంబీ పుస్తకంలో (ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో) రాసి ఉంటుంది, ఆ నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. రాసిన మందానికీ రోడ్డు అంచున కొలిచిన మందానికీ తేడా ఉంటే ఆ అభ్యర్థి గురించి ఇక వేరే చర్చ అక్కర్లేదు.

మాజీ సర్పంచి, లేదా ఆ కుటుంబం. ఈ అభ్యర్థి దగ్గర మంచి ఏమిటంటే రికార్డు ఉంది, ఊహించే పని లేదు. 2019లో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఆ ఐదేళ్లలో పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది ఈగ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో పంచాయతీ పేరు కొట్టి ఏడాదివారీగా చూడొచ్చు. తర్వాత ఊళ్లోకి నడవండి. డంపింగ్ యార్డులో షెడ్డు తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడానికి వాడారా, లేక తాళం వేసి గడ్డి పెరగనిచ్చారా? వైకుంఠధామంలో నల్లా వస్తుందా? నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టమే చెబుతోంది, రోడ్డు పక్కన లెక్కపెడితే పది నిమిషాల పని. విలీన గ్రామాల్లో ఇంకో సంగతి కూడా చూడాలి: పంచాయతీ పోయాక పాత తేదీలు వేసి ఇచ్చిన ఇంటి అనుమతులు. అలాంటి కాగితం పట్టుకున్న ఇంటివాళ్లకు ఇప్పుడు బ్యాంకు లోను దగ్గర, ఇంటి నంబరు దగ్గర చుక్కలు కనబడతాయి. ఆ సంతకం ఎవరిదో అడగండి. మరో పక్క, సొంత డబ్బు పెట్టి పనులు చేయించి బిల్లులు రాక అప్పులపాలైన మాజీ సర్పంచులు చాలామందే ఉన్నారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ పాత బిల్లు రాబట్టుకోవడానికే మళ్లీ నిలబడుతున్నారా అని మర్యాదగానే, ముఖం మీదే అడగాలి.

మహిళా సంఘం లీడర్లను జనం తక్కువ అంచనా వేస్తారు. అన్ని నేపథ్యాల్లోనూ లెక్క రాయడం రోజూ చేసే పని వీళ్లదే. తీర్మానం రాయడం, సంతకాలు తీసుకోవడం, బ్యాంకు లింకేజీ లోను పంచడం, కిస్తీ వసూలు చేయడం: పంచాయతీ నడపడానికి కావాల్సింది సరిగ్గా ఇదే. నగరంలో అయితే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే సంఘాలు, పల్లెలో సమాఖ్యలు. ఎంచుకునేటప్పుడు మూడు చూడండి: సంఘం లోన్లు బకాయి పడ్డాయా, ఆడిట్ ఏటా అయిందా, అధ్యక్షురాలి కుర్చీ ఎంతకాలంగా ఒక్కరి దగ్గరే ఉంది. బలహీనత ఎక్కడంటే భూమి, ఇంజినీరింగ్. లేఅవుట్ పటం ముందు పెడితే తడబడొచ్చు. అది ఆరు నెలల్లో నేర్చుకోగల విద్యే, లెక్కలో నిజాయితీ అలా నేర్పితే వచ్చేది కాదు. సర్పంచి కుర్చీకి అయితే ఈ నేపథ్యాన్ని మేము మొదటి వరుసలో పెడతాం.

మహిళలకు సగం సీట్లు రిజర్వు కావడంతో, భర్త కోసం నిలబెట్టిన అభ్యర్థులు కూడా ఉంటారు. పోస్టర్‌లో ఆమె ఫోటో కంటే ఆయన ఫోటో పెద్దదిగా ఉందా? ఇంటింటి ప్రచారంలో ప్రశ్న అడిగితే ఎవరు జవాబు చెబుతున్నారు? ఫోన్ నంబరు ఎవరిది? ఈ మూడింటికీ జవాబు "ఆయన" అయితే, మీరు ఆయన నేపథ్యాన్నే పోల్చాలి. ఆయన రియల్ వ్యాపారి అయితే పై పేరాలకు తిరిగి వెళ్లండి. ఆమె చదువుకున్నదైనా, మాట్లాడగలిగినదైనా, ఆమెను మాట్లాడనివ్వని ఇంటికి ఓటు వేస్తే కుర్చీలో కూర్చునేది ఆయనే.

రిటైర్డ్ టీచర్లు, ఉద్యోగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫైలు భాష వస్తుంది, కార్పొరేటర్ కుర్చీకి బాగానే సరిపోతారు. అధికారిని గట్టిగా అడగడానికి మొహమాటం ఎక్కువ. కాలనీ కమిటీలో ఉన్నారా, ఉంటే వసూలు చేసిన మెయింటెనెన్స్ డబ్బుకు రసీదు పుస్తకం ఉందా అని చూస్తే సరిపోతుంది.

పార్టీ యువ నాయకుడికి తిరిగే ఓపిక ఉంటుంది, పెద్ద లీడర్ దగ్గరికి నేరుగా పోగలడు. అయితే ఈ కుర్చీ ఆయనకు గమ్యమా, మెట్టా అన్నది చూడాలి. వరంగల్‌లో 2016లో మేయర్ అయిన నన్నపునేని నరేందర్ 2018లో ఎమ్మెల్యేగా గెలిచి వెళ్లారు, మిగిలిన కాలానికి 2019లో గుండా ప్రకాశ్‌రావు వచ్చారు. 2021లో మేయర్ అయిన గుండు సుధారాణి అంతకుముందు రాజ్యసభ సభ్యురాలు. పైకి ఎదగడం తప్పేం కాదు. మీ డివిజన్‌లో మూడేళ్లు పట్టే మోరీ పని ఉంటే మాత్రం, మధ్యలో వదిలి పోని మనిషి కావాలి.

కాగితాలు ఎప్పుడు, ఎక్కడ

నామినేషన్లు మొదలైన రోజు నుంచి పోలింగ్‌కు సుమారు రెండు వారాలే ఉంటాయి. 2021 గ్రేటర్ ఎన్నికల్లోనూ అంతే. సమాచార హక్కు జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. కాబట్టి ఎంబీ నకలు, పంచాయతీ తీర్మానాలు, పన్ను బకాయిల జాబితా కావాలంటే నోటిఫికేషన్ కంటే కనీసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. "అన్ని పనుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే జవాబు రాదు. ఫలానా వీధి, ఫలానా ఏడాది, ఎస్టిమేట్, ఎంబీ, బిల్లు నకళ్లు అని విడమరచి రాయాలి.

నామినేషన్ పడ్డాక అభ్యర్థి ఇచ్చిన డిక్లరేషన్ చూడండి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో ఉంటాయి. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కేసు ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాదు. భూసేకరణ వద్దని ధర్నా చేసినా కేసు పడుతుంది, ప్లాటు రెండుసార్లు అమ్మినా కేసు పడుతుంది. సెక్షన్ చూసి తేడా తెలుసుకోవాలి. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా ఎంచుకుని పేరుతో వెతికితే సివిల్ దావాలు కూడా కనబడతాయి. శివారులో సివిల్ దావాలే ఎక్కువ మాట్లాడతాయి, ముఖ్యంగా కార్పొరేషనో పంచాయతీయో ప్రతివాదిగా ఉన్నవి. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరును రెండు మూడు రకాల స్పెల్లింగులతో కొట్టండి, ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు కనుక తండ్రి పేరు కలిసిందా చూడండి.

ఇంటికి వచ్చినప్పుడు అడగాల్సినది

ఒక్క ప్రశ్నకే సమయం ఉంటే ఇది అడగండి: "మన గల్లీ నీళ్లు ఏ మోరీలో కలిసి, ఏ నాలా నుంచి, ఏ చెరువులోకి పోతున్నాయి?" 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ మునిగినప్పుడు బొందివాగు పక్క కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2023లో భద్రకాళి చెరువు కట్ట కూడా తెగింది. ఇక్కడి చెరువులు గొలుసుకట్టు. ఒకదాని మత్తడి దూకితే ఆ నీరు కిందిదానికి పోవాలి, ఆ దారి ఇళ్లతో ఇరుకైతే నీరు ఇళ్లలోకే వస్తుంది. మోరీ కట్టిస్తానని ఎవరైనా అంటారు. చివర ఎక్కడ కలుపుతారో చెప్పలేకపోతే ఆ మోరీ నీటిని మీ గల్లీ నుంచి పక్క గల్లీకి తోస్తుందంతే. జవాబు తెలియదని ఒప్పుకుని, మర్నాడు ఏఈని అడిగి వచ్చి చెప్పిన అభ్యర్థి ఉంటే, ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

రాంపూర్, మడికొండ వైపు డంపింగ్ యార్డు గురించి, మామునూరు వైపు విమానాశ్రయ భూముల గురించి, గీసుగొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు చుట్టూ రోడ్ల గురించి అడగాలి. ఈ నిర్ణయాలు పైన జరుగుతాయి. అయినా అక్కడ మన తరఫున ఏ కాగితం పెడతారో అభ్యర్థి చెప్పగలగాలి.

అధికార పార్టీ మనిషైతేనే నిధులొస్తాయన్న వాదన ప్రతిసారీ వినబడుతుంది. అందులో సగం నిజం. ఆర్థిక సంఘం నిధులు జనాభా వంటి లెక్కల ప్రకారం వస్తాయి, ఇంటి పన్ను మనం కట్టేదే. ప్రత్యేక నిధులు మాత్రం పలుకుబడి వెంట నడుస్తాయి. అభ్యర్థులిద్దరూ కాగితాల మీద సమానంగా తేలితేనే ఈ పాయింటు లెక్కలోకి తీసుకోండి. అప్పుడు కూడా దానికంటే ముందు, ఎవరు ఆ డివిజన్‌లోనే కాపురం ఉంటున్నారో చూడండి. హన్మకొండలో ఇల్లు పెట్టుకుని పైడిపల్లిలో పోటీ చేసే మనిషికి రాత్రి పది గంటలకు ఆగిన నల్లా సంగతి తెలియదు.

పంచాయతీలో అయితే చేతికి రెండు బ్యాలెట్లు ఇస్తారు, సర్పంచికి గులాబీ రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. మొదటిదానికి నెల రోజులు ఆలోచించి, రెండోదాన్ని చుట్టం పేరు చూసి గుద్దేస్తారు చాలామంది. ఉపసర్పంచిని ఎన్నుకునేది ఆ వార్డు మెంబర్లలోంచే. 2018 చట్టం తెచ్చిన జాయింట్ చెక్ పవర్‌లో రెండో సంతకం ఉపసర్పంచిదే. కాబట్టి పైన చెప్పిన రియల్, కాంట్రాక్టు ప్రశ్నలన్నీ తెల్ల బ్యాలెట్ మీద ఉన్న పేర్లకు కూడా అడగండి.